ఆ డ్రాగన్ వెనుక ఉన్నది మనుషుల చేతులు

వారం రోజుల్లో ఆరుగురు మిత్రులు ఒకే సందేశం పంపారు. 1981లో వచ్చిన 'డ్రాగన్‌స్లేయర్' సినిమాలోని చిన్న దృశ్యం, దాని కింద అయిదు మాటలు. ఇది ఇంగ్లండులో నిజంగా జరిగిన కథట. దీనికి ఆస్కార్ వచ్చిందట. డ్రాగన్‌ను మొత్తం కంప్యూటరే చేసిందట, మనిషి చెయ్యే పడలేదట. చివర్లో ఒక నైట్, అంటే కవచం తొడిగిన యోధుడు, దాన్ని కత్తితో చంపుతాడట. డిస్నీ సినిమా కాబట్టి సెలవుల్లో పిల్లలకు తప్పక చూపించాలట. హైదరాబాదులో యానిమేషన్ పని చేసుకుని బతుకుతున్నవాణ్ని. చదివి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మొదటి రెండింటికీ ఎక్కువ మాటలు అక్కర్లేదు. కథ జరిగే ఉర్లాండ్ రాజ్యం కల్పితం. ఆస్కార్‌కు రెండు నామినేషన్లు వచ్చాయి, ఒక్క పురస్కారమూ రాలేదు. విజువల్ ఎఫెక్ట్స్ పురస్కారాన్ని 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' తీసుకుపోయింది.

నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది మూడో మాట. వెండితెర మీద కంప్యూటర్ గీసిన, నిజమనిపించే పూర్తి పాత్ర మొదటిసారి కనిపించింది 1985లో, 'యంగ్ షెర్లాక్ హోమ్స్' సినిమాలో. రంగుటద్దాల కిటికీలోంచి ఒక నైట్ దిగివస్తాడు. కొన్ని క్షణాల ఆ పాత్రకే నెలల తరబడి పని పట్టింది. అంతకు నాలుగేళ్ల ముందే కంప్యూటర్ ఒక డ్రాగన్‌ను గీసి, ఎగిరించి, నిప్పులు కక్కించిందా?

అప్పుడు జరిగింది ఇది. పాతకాలపు పద్ధతిలో బొమ్మను కొద్దిగా కదిపి, చెయ్యి తీసి, ఒక ఫ్రేము, అంటే ఒక్క ఫొటో, తీసేవారు. మళ్లీ కదిపి మరో ఫ్రేము. సెకనుకు 24 ఫ్రేములు. కెమెరా కన్ను తెరుచుకున్న ప్రతిసారీ బొమ్మ నిశ్చలంగా ఉంటుంది కనుక, తెర మీద దాని నడక తెగి తెగి కనిపిస్తుంది. మీ చేతిని ముఖం ముందు వేగంగా ఊపి చూడండి, వేళ్లు అలుక్కుపోతాయి. బొమ్మకు లేనిది ఆ అలుకుదలే. ఈ సినిమాలో డ్రాగన్‌ను కదిలించిన ఫిల్ టిప్పెట్ బృందం బొమ్మ ఒంటికి సన్నని కడ్డీలు బిగించి, వాటిని మోటార్లకు తగిలించి, ఫ్రేము పడుతున్న క్షణంలోనే బొమ్మ కదిలేలా చేసింది. దీన్నే గో మోషన్ అన్నారు. గుహలో వెర్మిథ్రాక్స్ అనే ఆ డ్రాగన్ రెక్కల కీళ్ల మీద ఆనుకుంటూ ముందుకు పాకే దృశ్యాన్ని ఒక్కసారి ఆపి చూడండి. బరువు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మారుతుంది. అంత బరువైన జంతువు ఎలా నడుస్తుందో రోజుల తరబడి ఆలోచించిన మనిషికి తప్ప ఆ కదలిక దొరకదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ మోటార్లను నడిపింది కంప్యూటరే. కాబట్టి 'కంప్యూటర్' అన్న పదం పూర్తిగా అబద్ధం కాదు. కానీ అది చేసిన పని, మనిషి నేర్పిన కదలికను గుర్తుపెట్టుకుని తిరిగి చేయడం. హార్మోనియం తనంతట తానే కచేరీ చేసిందని ఎవరైనా అంటారా? 'మనిషి చెయ్యి పడలేదు' అని రాసినవారు రోజూ మౌసు పట్టుకుని, ఒక పంజా నేల మీద సరిగ్గా ఆనడానికి మూడు రోజులు కూర్చునే మా ముఖం చూసి ఆ మాట అనగలరా?

పిల్లల సంగతి ఇంకా ఘోరం. సందేశాన్ని నమ్మి మా చెల్లెలు ఏడేళ్ల కొడుక్కి చూపించబోయింది. సమయానికి ఫోను చేసి ఆపాను. ఈ సినిమాలో చీటీల్లో పేరు వచ్చిన అమ్మాయిలను డ్రాగన్‌కు బలి ఇస్తారు. రాజకుమారి చనిపోతుంది, డ్రాగన్ పిల్లలు ఆమె కాలిని కొరుక్కుతింటూ కనిపిస్తాయి. డిస్నీ పేరు చూసి మోసపోవద్దు. అది పారమౌంట్‌తో కలిసి తీసిన సినిమా. అమెరికాలో దీనికి పీజీ రేటింగ్ (తల్లిదండ్రుల సలహాతో పిల్లలు చూడొచ్చని) ఇచ్చారు, నిజమే. కానీ పదమూడేళ్ల లోపు పిల్లల తల్లిదండ్రులను హెచ్చరించే పీజీ-13 అనే తరగతి పుట్టిందే 1984లో. పసివాడు రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తే, సందేశం పంపినవారు వచ్చి జోకొడతారా?

ఇక నైట్ కత్తి. సినిమా చివరి వరకూ చూసినవారెవరూ ఈ మాట రాయరు. డ్రాగన్ చనిపోవడానికి కారణం ఒక ముసలి మాంత్రికుడి ఆత్మత్యాగం, అతని కుర్ర శిష్యుడి తెగువ. అంతా అయిపోయాక రాజు వస్తాడు. చచ్చి పడి ఉన్న డ్రాగన్ ఒంట్లో కత్తి గుచ్చుతాడు. పక్కనున్నవాడు రాజుగారే డ్రాగన్‌ను చంపారని చాటుతాడు. ఆ దృశ్యం దగ్గర నాకు ప్రతిసారీ గొంతు పట్టుకుంటుంది. ఒక సినిమాకు మేము పద్నాలుగు నెలలు పనిచేశాం. చివర్లో పేర్లు పడేటప్పుడు థియేటర్లో అమ్మను కూర్చోబెట్టి, నా పేరు చూపిద్దామని ఎదురుచూశాను. దీపాలు వెలిగాయి. మా జట్టులో ఒక్కరి పేరూ పడలేదు.

కనుక ఇకపై ఈ దృశ్యం పంపదలచినవారు తప్పక పంపండి, అంత గొప్పది మరి. కింద రాతను మాత్రం తీసేసి, విజువల్ ఎఫెక్ట్స్ చేసినవారి ఈ నాలుగు పేర్లు పెట్టండి: డెన్నిస్ మ్యూరెన్, ఫిల్ టిప్పెట్, కెన్ రాల్స్టన్, బ్రయాన్ జాన్సన్.