కూలి రేటు పడగొడుతున్నది ఎవరు?

విశాఖలో బయటి రాష్ట్రాల కార్మికుల మీద కోపం పెరుగుతోంది. గాజువాక, కంచరపాలెం అడ్డాల్లో పొద్దున్నే పని కోసం నిలబడే వాళ్ల దగ్గర ఒకటే మాట వినిపిస్తుంది. ఒడిశా, బిహార్, జార్ఖండ్, బెంగాల్ నుంచి వచ్చిన గ్యాంగులు తక్కువకు ఒప్పేసుకుంటున్నాయని, తాము రేటు అడిగితే ‘నువ్వు కాకపోతే ఇంకొకడు’ అంటున్నారని. మధురవాడ అపార్ట్‌మెంట్లలో సెంట్రింగ్, రాడ్ బెండింగ్ పనులైనా, పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో హెల్పర్ ఉద్యోగాలైనా ఇదే గోడు. ఇదంతా అపోహ అని కొట్టిపారేసే వాళ్లతో మేం ఏకీభవించం. రోజు కూలి మీద బతికే మనిషికి తన రేటు ఎక్కడ ఆగిపోయిందో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఆ రేటును ఆపింది ఎవరన్న దగ్గరే మా అభిప్రాయం వేరు.

వలసలతో స్థానికుల జీతాలు తగ్గుతాయా అన్న ప్రశ్న మీద ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా కొట్లాడుకుంటున్నారు. 1980లో కొద్ది నెలల్లోనే దాదాపు 1.25 లక్షల మంది క్యూబా వాసులు పడవల్లో అమెరికా చేరారు. వాళ్లలో సగం మంది మయామీలోనే స్థిరపడ్డారు. నగరంలో పనిచేసే జనం ఒక్కసారిగా 7 శాతం పెరిగారు. మామూలు లెక్క ప్రకారం అక్కడ కూలి రేట్లు కుప్పకూలాలి. పదేళ్ల తర్వాత డేవిడ్ కార్డ్ అనే ఆర్థికవేత్త లెక్కలు తీస్తే తక్కువ నైపుణ్యం ఉన్న స్థానికుల జీతాల మీద పెద్దగా ప్రభావం కనిపించలేదు. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. జార్జ్ బోర్హాస్ అనే మరో ఆర్థికవేత్త అవే లెక్కలను మళ్లీ తిరగేసి, హైస్కూల్ కూడా పూర్తి చేయని మగవాళ్ల జీతాలు మాత్రం బాగా పడిపోయాయని వాదించారు. ఆయన తీసుకున్న నమూనా చాలా చిన్నదని, మధ్యలో దాని కూర్పే మారిపోయిందని ఇంకొందరు తప్పుపట్టారు. ఆ వివాదం ఇంకా తెగలేదు. 2016లో అమెరికా జాతీయ అకాడమీల నివేదిక అప్పటి దాకా వచ్చిన అధ్యయనాలన్నీ చూసి తేల్చిందేమిటంటే, దీర్ఘకాలంలో స్థానికుల మొత్తం జీతాల మీద వలసల ప్రభావం చాలా స్వల్పం. దెబ్బ తగిలితే అది రెండు వర్గాలకే ఎక్కువ: అంతకుముందు వలస వచ్చినవాళ్లు, హైస్కూల్ చదువు పూర్తికానివాళ్లు.

విశాఖ వాళ్లు ఆ చివరి మాట దగ్గర ఆగి ఆలోచించాలి. ఈరోజు అడ్డాలో ‘మేం లోకల్’ అంటున్న వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లే. ముందు వచ్చినవాళ్లకు వెనక వచ్చినవాళ్లు పోటీ అవుతున్నారు. నష్టం వాళ్లది. లాభం మాత్రం ఫ్లాటు కొనేవాళ్లకు, బిల్డరుకు, గాజువాకలో గదులు అద్దెకిచ్చే ఇంటి ఓనరుకు, కింద నలుగురు పనివాళ్లు దొరికినందువల్ల మేస్త్రిగా ఎదిగిన తాపీ కార్మికుడికి వెళ్తుంది. నగరం మొత్తానికి లాభమే కదా అని లెక్క చెప్తే, నష్టపోయినవాడి ఇంట్లో పొయ్యి వెలగదు. సగటు లెక్కలతో వాళ్లను సముదాయించడం అన్యాయం.

మరి ఆ పోటీ న్యాయంగా జరుగుతోందా? కాంట్రాక్టర్లు చెప్పేది ‘వాళ్లు కష్టపడతారు, మనవాళ్లు పడరు’ అని. ఈ మాట వినీవినీ మన చదువుకున్నవాళ్లు కూడా నమ్మేస్తున్నారు. ఒక్క చిన్న లెక్క వేసి చూడండి. ఇద్దరికీ రోజుకు 800 రూపాయలే అనుకుందాం. సైట్‌లో రేకుల షెడ్డులో ఉండే వలస కార్మికుడు 12 గంటలు పనిచేస్తాడు. సాయంత్రం ఇంటికి వెళ్లిపోయే స్థానికుడు 8 గంటలు చేస్తాడు. గంట లెక్కన స్థానికుడికి 100 పడితే వలస కార్మికుడికి పడేది 67 లోపే. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు ఇవ్వాలన్నది చట్టం. ఆ నాలుగు గంటలకు రెట్టింపు కడితే అతనికి రావాల్సింది 1,600. అంటే కాంట్రాక్టర్‌కు మిగులుతున్న 800 రూపాయలు కష్టపడే గుణం వల్ల వచ్చినవి కావు, ఎగ్గొట్టిన ఓవర్‌టైమ్ అది. అదే ఇచ్చి తీరాల్సి వస్తే బయటి రాష్ట్రం మనిషి చవగ్గా దొరకడు. అప్పుడు పని తెలిసినవాడికి పని దొరుకుతుంది, అతను ఏ ఊరివాడైనా.

ఆ వలస కార్మికుడు ఓవర్‌టైమ్ ఎందుకు అడగడు? ఊళ్లో అడ్వాన్స్ తీసుకుని వచ్చాడు. తెచ్చినవాడు సర్దార్, అంటే కూలీల గ్యాంగును కుదిర్చే దళారి. జీతం వాడి చేతి మీదుగానే రావాలి, అందులో తిండికి, గదికి కోత. భాష రాదు. ఇక్కడ అండగా నిలిచే బంధువు లేడు. పని మానేస్తే పడుకునే చోటు కూడా పోతుంది. పీఎఫ్, ఈఎస్ఐ మాట ఎత్తే ధైర్యం ఎలా వస్తుంది? యూనియన్ మీటింగ్‌కు రమ్మంటే ఎలా వస్తాడు? అతని నిస్సహాయతే స్థానిక కార్మికుడి రేటుకు పెట్టిన తాళం.

ఇది తెలుగువాళ్లకు కొత్త కథ కాదు. మన తాతలు రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్లి రేవులో ఓడలకు సరుకు ఎక్కించారు, దించారు. 1930 మే నెలలో ఆ తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. సరుకు రవాణా కంపెనీలు వెంటనే బర్మా వాళ్లను పనిలోకి తెచ్చాయి. సమ్మె పరిష్కారమయ్యాక తెలుగువాళ్లను మళ్లీ రమ్మని, బర్మా వాళ్లను పొమ్మన్నాయి. పనికి వచ్చి వెనక్కి పోవాల్సి వచ్చినవాళ్లకూ, పని తిరిగి దక్కినవాళ్లకూ మధ్య రేవులో మొదలైన గొడవ నగరమంతా పాకింది. వంద మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది భారతీయులే. కంపెనీలకు ఏమీ కాలేదు. ఆ తర్వాత బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల ఆనవాలుగా కంచరపాలెంలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఉంది. బయటివాళ్లను తరిమేయాలని ఈ నగరంలో ఎవరైనా అంటే మాకు భయం వేసేది అందుకే.

స్థానికులకే 75 శాతం ఉద్యోగాలు అంటూ మన శాసనసభ 2019లోనే చట్టం చేసింది. ఆరేళ్లు దాటినా పరవాడ హెల్పర్‌కు దానివల్ల ఒరిగింది కనబడదు. హర్యానా చేసిన ఇలాంటి చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023లో కొట్టేసింది. ఒకవేళ కోర్టుల్లో నిలిచినా ఫలితం వస్తుందన్న నమ్మకం మాకు లేదు. అమెరికా 1964 చివర్లో మెక్సికో కూలీలను తెచ్చే పథకం ఆపేసింది, స్థానిక రైతు కూలీల జీతాలు పెరుగుతాయన్న ఆశతో. ఆ తర్వాత పరిశోధకులు లెక్క చూస్తే జీతాలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. టమాటా రైతులు కోత యంత్రాలు కొన్నారు, యంత్రం కుదరని పంటలు కొన్ని తగ్గించేశారు.

అమెరికా సంగతి ఎత్తాం కాబట్టి ఇంకో మాట. విశాఖలో ఏ వీధికి వెళ్లినా అమెరికాలో పిల్లలున్న ఇల్లు కనిపిస్తుంది. అక్కడి ఉద్యోగులు మన పిల్లల గురించి అంటున్నదీ, గాజువాక అడ్డాలో ఒడిశా కుర్రాడి గురించి అంటున్నదీ ఒకటే. ఏటా 85,000 హెచ్1బీ వీసాల కోటా చుట్టూ అక్కడ రాజకీయం నడుస్తోంది. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు పెట్టినప్పుడు ఇక్కడి తల్లిదండ్రులు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. అక్కడ న్యాయం కావాలని కోరుకునేవాళ్లం ఇక్కడ ఇంకో న్యాయం మాట్లాడలేం.

2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్ ప్రమాదంలో 17 మంది చనిపోయారు. ఒకట్రెండు రోజుల్లోనే పరవాడ ఫార్మాసిటీలో జరిగిన మరో ప్రమాదంలో జార్ఖండ్ కార్మికులు, మన విజయనగరం జిల్లా కెమిస్టు ఒకే చోట కాలిన గాయాల పాలయ్యారు. పక్కపక్కన పనిచేసేవాళ్లలో ఒకరికి భద్రత లేకపోతే రెండోవాడికీ ఉండదు. జీతమూ అంతే.

ఇక చేయాల్సింది. అంతర్రాష్ట్ర వలస కార్మికులకు, అదే పని చేసే స్థానికులతో సమానంగా కూలి ఇవ్వాలని 1979 చట్టం స్పష్టంగా చెప్పింది. ఊరు వదిలి వచ్చినందుకు ప్రత్యేక భత్యం కూడా ఇమ్మంది. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఆ భత్యం పోయింది. పాత చట్టం ఐదుగురు వలస కార్మికులున్న చోట వర్తించేది, ఇప్పుడు పదిమంది ఉండాలి. కాంట్రాక్టర్ ద్వారా కాకుండా సొంతంగా వచ్చినవాళ్లనూ లెక్కలోకి తీసుకోవడం మాత్రం మంచి మార్పు. సమాన పనికి సమాన కూలి అన్న నిబంధనను రాష్ట్ర ప్రభుత్వం తన నియమాల్లో అనుమానానికి తావులేకుండా రాయాలి. జీతం సర్దార్ చేతికి కాకుండా నేరుగా కార్మికుడి బ్యాంకు ఖాతాలో పడాలి. ప్రతి సైట్ గేటు దగ్గర ఆ రోజు కూలి రేటు, ఓవర్‌టైమ్ రేటు తెలుగు, ఒడియా, హిందీ భాషల్లో బోర్డు మీద రాయించాలి. కాంట్రాక్టర్ ఎగ్గొట్టిన ఓవర్‌టైమ్‌ను అసలు యజమాని దగ్గర వసూలు చేయాలి. కార్మిక శాఖ తనిఖీలు పగలు కాదు, రాత్రి ఎనిమిది తర్వాత జరగాలి, ఎందుకంటే లెక్కలోకి రాని గంటలన్నీ అప్పుడే నడుస్తాయి. విశాఖ కార్మిక సంఘాలకు ఉక్కు ఉద్యమం నాటి నుంచి పోరాడిన అనుభవం ఉంది. అవి తమ సభ్యత్వ పుస్తకాలు పట్టుకుని రేకుల షెడ్ల దగ్గరికి వెళ్లాలి. హిందీ, ఒడియా మాట్లాడే కార్యకర్తలను ఈ ఏడాదే తయారు చేసుకోవాలి.