కిడ్నీ మార్చడానికి పది లక్షలు సరే.. నిలబెట్టే రక్తపరీక్ష ఎక్కడ?

తెలంగాణలో ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచారు. హైదరాబాద్‌లోని నిమ్స్, ఉస్మానియా ఆస్పత్రుల్లో కిడ్నీ మార్పిడి ఈ పథకం కిందే జరుగుతోంది. ఆపరేషన్ వరకూ దారి ఉంది. నల్లగొండ, పాలమూరు రోగులకు అసలు చిక్కు ఇంటికొచ్చాకే మొదలవుతుంది.

కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా టాక్రోలిమస్ అనే మాత్ర జీవితాంతం వేసుకోవాలి, 12 గంటలకోసారి. రక్తంలో దాని మోతాదు తగ్గితే కిడ్నీ పోతుంది, పెరిగితే ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది. అందుకే రక్తంలో మందు ఎంతుందో చూసే లెవల్ పరీక్ష. పొద్దున మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. కొల్లాపూర్ నుంచో దేవరకొండ నుంచో తెల్లవారుజామున బస్సెక్కే మనిషి, టైం తప్పుతుందని దారిలోనే మాత్ర మింగేస్తాడు. రిపోర్టులో లెవల్ ఎక్కువ కనిపిస్తుంది. మాత్ర వేసుకున్న సంగతి డాక్టర్‌కు తెలియకపోతే డోసు తగ్గిస్తారు. ముప్పు అక్కడే.

ఊళ్లో రాసే మందులతోనూ జాగ్రత్త. టీబీకి వాడే రిఫాంపిసిన్ ఈ లెవల్‌ను బాగా పడగొడుతుంది, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లూకొనజోల్ పెంచుతుంది. విరేచనాలైనా లెవల్ పెరుగుతుంది. మందు కంపెనీ మారినా తేడా రావచ్చు. టెండరు మారినప్పుడల్లా రోగి మాత్ర మారిపోవడం మామూలు జ్వరం మాత్రకైతే చెల్లుతుందేమో, దీనికి చెల్లదు.

ఈ పరీక్షకు మనిషే హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. లావెండర్ (లేత ఊదా) రంగు మూత ట్యూబులో తీసిన రక్తాన్ని చల్లగా ఉంచితే కొన్ని రోజులు నిలుస్తుంది. పల్లె దవాఖానాల నుంచి నమూనాలు తెచ్చే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ఏర్పాటు రెండు జిల్లాల్లోనూ ఉంది. ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో, రక్తం ఎప్పుడు తీశారో చీటీపై రాసి ట్యూబును పంపితే చాలు.

మూలుగ (ఎముక మజ్జ) మార్పిడిది ఇంకో లెక్క. తోబుట్టువుతో పూర్తిగా సరిపోలే అవకాశం నాలుగింట ఒక వంతే. సరిపోలినా మొదటి వంద రోజులు ఆస్పత్రికి దగ్గర్లోనే ఉండాలి. ఆ అద్దె గది, కూలి మానుకున్న తల్లి రోజులు పథకం చెల్లించే ఏ ప్యాకేజీలోనూ కనిపించవు.

కిడ్నీ దాత పరీక్షలదీ అదే కథ. బ్లడ్ గ్రూపు, కణజాలం పోలిక చూసే హెచ్‌ఎల్‌ఏ, దాత కణాలపై రోగి రక్తం ఎదురు తిరుగుతుందేమో చూసే క్రాస్‌మ్యాచ్, కిడ్నీ రక్తనాళాలు చూసే సీటీ యాంజియో అన్నీ ఆపరేషన్‌కు ముందే పూర్తవ్వాలి. తల్లి సరిపోక అన్నను చూడాల్సి వస్తే ఖర్చు రెండింతలు. తిరస్కరణకు గురైన దాత పరీక్షల ఖర్చుకూ ప్యాకేజీలో చోటుండాలి.