గట్టి షాకబ్జర్ల మోజు

మా మేనల్లుడి స్విఫ్ట్‌లో బెజవాడ పటమట నుంచి ఆటోనగర్ గేటు దాకా వెళ్ళాం. దారిలో మూడు స్పీడ్ బ్రేకర్లు. మొదటి రెండింటి దగ్గర బండి అడుగు గీసుకుంది. మూడోదాని దగ్గర వాడు బండిని ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్నీ విడిగా ఎక్కించి దించాడు. వెనక ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. "స్పోర్ట్స్ లుక్ మావయ్యా" అన్నాడు మావాడు, సంజాయిషీలా. స్ప్రింగులు ఒక్కోటీ చుట్టున్నర కోయించాడట. నేను పళ్ళు బిగబట్టి కూర్చున్నానే గానీ ఏమీ అనలేదు. అనే మొహం నాకు లేదు. వాడికన్నా పాతికేళ్ళు పెద్దవాణ్ణి, మెకానికల్ ఇంజనీరునని చెప్పుకు తిరిగేవాణ్ణి, అదే తప్పు మిషిగన్‌లో డాలర్లు పోసి మరీ చేశాను.

నా కారు 1995 మజ్దా మియాటా. మన తెలుగు సంఘం పిక్నిక్‌కి రెండుసార్లు తెచ్చాను కాబట్టి కొందరు చూసే ఉంటారు. రెండే సీట్లు, వెనక్కి మడిచే గుడ్డ టాపు, డిక్కీలో బిర్యానీ గిన్నె పెడితే మూత పడదు. బరువు మాత్రం వెయ్యి కేజీలకు కాస్త అటూఇటూ, అంతే. నాలుగు చక్రాలకూ, ఒక్కోదాన్నీ పైనా కిందా రెండు కడ్డీలతో విడిగా పట్టుకునే డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. 1989లో మజ్దా వాళ్ళు ఈ కారును చికాగో ఆటో షోలో చూపించినప్పుడు అందరూ మెచ్చుకున్నది దాని వేగాన్ని కాదు, మలుపులో అది తిరిగే తీరుని. ఆ తీరు సగం సస్పెన్షన్ వల్లే వచ్చింది. నలభై దాటాక మనలో చాలామందికి ఏదో ఒక పిచ్చి పడుతుంది. కొందరికి గోల్ఫు, కొందరికి కెమెరాలు. నాకిది.

ఇప్పుడు ఈ వ్యాసం ఎందుకంటే, మన సంఘంలోనే ఇలాంటి పాత కార్లు కొన్నవాళ్ళు అరడజను మంది తేలారు. కలిసినప్పుడల్లా అదే ప్రశ్న. "షాకబ్జర్లు పోయాయి, ఏవి వేయించమంటావ్?" అడిగిన ప్రతివాడి మనసులోనూ జవాబు ముందే ఉంది. ఉన్నవాటిల్లో గట్టివి, ఖరీదైనవి. ఆ జవాబు తప్పని నా గట్టి నమ్మకం.

అసలు షాకబ్జరు అన్న పేరే మనల్ని దారి తప్పిస్తుంది. గుంతలో పడ్డప్పుడు దెబ్బ కాచుకునేది స్ప్రింగు. కాచుకున్నాక అది పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగుడు ఆపేది షాకబ్జరు. లోపల గొట్టం నిండా ఆయిలు, ఆయిల్లో కదిలే పిస్టను, పిస్టనుకి సన్న రంధ్రాలు, వాటిమీద పల్చటి రేకులు. పిస్టను కదలాలంటే ఆయిలు ఆ రంధ్రాల్లోంచి దూరి పోవాలి. దూరేటప్పుడు ఊపంతా వేడిగా మారిపోతుంది. కాబట్టి షాకబ్జరు ఎంత గట్టిగా ఉండాలన్నది స్ప్రింగుని బట్టి, కారు బరువుని బట్టి తేలాలి గానీ మన సరదాని బట్టి కాదు.

నేనేం చేశానో చెప్తాను. బిగువుని ముప్పై రెండు మెట్లుగా, అంటే క్లిక్కులుగా, తిప్పి మార్చుకునే సర్దుబాటు ఉన్న కాయిలోవర్ల సెట్టు కొన్నాను. కంపెనీ పేరు ఎందుకు లెండి. స్ప్రింగులూ షాకబ్జర్లూ కలిసే వస్తాయి, కారుని ఎంత కిందికి కావాలంటే అంత దించుకోవచ్చు. ఫ్యాక్టరీ స్ప్రింగులకంటే రెండింతలకు పైగా గట్టివి. పార్కింగులో కారుని చూసుకుని మురిసిపోయాను. పదో క్లిక్కుకీ ఇరవయ్యో క్లిక్కుకీ తేడా ఏమిటో మాత్రం ఏడాది వాడినా నాకు తెలియలేదు. మా ఆవిడ ఒక్కసారి గుడికి వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఫ్రెండు కారెక్కింది. "బెజవాడ షేర్ ఆటోనే నయం" అని ఇప్పటికీ అంటుంది.

నడుము నొప్పి సంగతి పక్కన పెట్టినా, అసలు పట్టే పోయింది. మిషిగన్‌లో చలికాలం నీళ్ళు పగుళ్ళలోకి దిగి గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి రోడ్లని తినేస్తాయి. అలాంటి రోడ్డు మీద మలుపు తిరుగుతుంటే కారు వెనకభాగం పక్కకి రెండు గెంతులు వేసింది. భయపడ్డాను. టైరు నేలని అంటిపెట్టుకుని ఉన్నంతసేపే కదా దానికి పట్టు. స్ప్రింగూ షాకబ్జరూ అతి గట్టిగా ఉంటే చక్రం గుంతలోకి దిగదు, గుంత మీంచి ఎగురుతుంది. ఎగిరిన క్షణం మీ చేతిలో ఉన్నది స్టీరింగు కాదు, ఉత్త చక్రం.

ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉండాల్సింది. మా నాన్నది ఆటోనగర్లో లారీల కమాన్ కట్టల (ఇనప పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగుల) షాపు. సెలవుల్లో అక్కడే పెరిగాను. కాల్చిన ఇనుము వాసన, సమ్మెట దెబ్బలు, నల్లటి గ్రీజు. రోజూ వచ్చే డ్రైవర్లు చెప్పే మాట ఒకటుండేది. లోడు లారీ ఊగుతుంది, ఖాళీ లారీ ఎగురుతుంది. పది టన్నులు మొయ్యడానికి వేసిన కట్టల మీద బరువు లేకపోతే వెనక ఇరుసు రోడ్డు మీద నాట్యం చేస్తుంది. చాలా లారీలకి వెనక షాకబ్జర్లే ఉండేవి కావు. కట్టలోని ఆకులు ఒకదానితో ఒకటి రాసుకునే రాపిడే ఊగుడు ఆపేది. ఆ రాపిడి ఉన్నా ఖాళీ బండి ఎగిరేది. నేను మిషిగన్‌లో చేసిందల్లా వెయ్యి కేజీల కారుని ఖాళీ లారీగా మార్చడం.

ఈసారి వెళ్ళినప్పుడు నాన్న షాపులో ఒకప్పుడు పనిచేసిన మేస్త్రీ దగ్గరికే మావాణ్ణి తీసుకెళ్ళాను. ఇప్పుడాయనకి సొంత షెడ్డుంది. ఆయన ముందు చక్రం ఊడదీసి, స్ట్రట్‌కి (స్ప్రింగు లోపల ఇమిడిన ముందు షాకబ్జరుకి) ఉన్న రబ్బరు తొడుగు పైకి తోసి, మెరిసే రాడ్డు మీద, కింద గొట్టానికి ఆనేలా ఒక ప్లాస్టిక్ ట్యాగు బిగించాడు. వైర్లు కట్టే సన్న ట్యాగు. చక్రం బిగించి, "స్క్రూ బ్రిడ్జి దాకా పోయి రండి" అన్నాడు. వచ్చాక చూస్తే ట్యాగు పైకంటా పోయి బంప్ స్టాప్ రబ్బరులో (షాకబ్జరు చివరిదాకా నొక్కుకున్నప్పుడు దెబ్బ కాచే ముక్కలో) ఇరుక్కుపోయి ఉంది. అంటే షాకబ్జరు దారి అయిపోయి, గుంతలో పడ్డప్పుడు బండి ఆ రబ్బరు ముక్క మీద కూర్చుంటోందన్నమాట. బండి నేలమీద ఉండగా గొట్టానికీ రబ్బరుకీ మధ్య మిగిలిన ఖాళీ కొలిస్తే రెండు వేళ్ళ మందం లేదు.

"గుంటూరు హైవే ఎక్కితే చూడు మావయ్యా, రైల్లా పోతుంది" అన్నాడు మావాడు.

"గుంటూరు ఎన్నిసార్లు పోతావురా?"

"నెలకోసారి."

"మిగతా రోజులు?"

"కానూరు, కాలేజీ."

మేస్త్రీ నవ్వాడు. తర్వాత ఊడదీసిన వెనక షాకబ్జర్ని నిలబెట్టి పట్టుకుని, రాడ్డుని నెమ్మదిగా నొక్కాడు. మొదటి రెండంగుళాలు ఏ అడ్డూ లేకుండా, ఖాళీ సిరంజిలా పోయింది. ఆ తర్వాత పట్టుకుంది. లాగితే మళ్ళీ అంతే. లోపల ఆయిలు కారి, గాలి చేరిందని అర్థం. "నువ్వూ పట్టుకో బాబూ" అని నా చేతికిచ్చాడు. బాగున్న షాకబ్జరైతే మొదట్నుంచీ ఒకే బిగువుతో, తేనెలో గరిటె తిప్పినట్టు కదులుతుంది. చెయ్యికి ఒక్కసారి ఆ తేడా తెలిస్తే చాలు. ఫెండర్ మీద కూర్చుని బండిని ఊపి చూసే పరీక్ష పూర్తిగా చచ్చినవాటినే పట్టిస్తుంది, సగం చచ్చినవి దర్జాగా పాసైపోతాయి. దానికంటే టైరు మీద అరచెయ్యి తిప్పి చూడటం మేలు. రబ్బరు అలలు అలలుగా తగిలితే అనుమానించాల్సిందే.

ఇక్కడిదాకా మేస్త్రీ మాట నాకు వేదం. తర్వాత మాట దగ్గరే పేచీ వచ్చింది. "రీకండిషన్ చేయిద్దాం, సీలు మార్చి కొత్తాయిలు పోస్తే పదేళ్ళు" అన్నాడాయన. మనూరి మీద నాకెంత ప్రేమున్నా దీనికి ఒప్పుకోను. గొట్టం కోసి, ఆయిలు నింపి, మళ్ళీ వెల్డింగ్ చేస్తే కారడం ఆగుతుంది, నిజమే. లోపలి రేకుల సంగతేమిటి? అరిగిన వాల్వుని ఎవరూ కొలిచి మార్చరు. కుడిది ఒకలా, ఎడమది ఒకలా తయారవుతాయి. సామాను వేసుకుని మెల్లగా తిరిగే బండికి పర్వాలేదేమో. మలుపు కోసమే కొనుక్కున్న కారుకి రెండు వైపులా రెండు రకాల షాకబ్జర్లు పెట్టడం కన్నా పాతవే ఉంచుకోవడం నయం. ఒకటి పోయినా జతగానే మార్చాలనేది అందుకే.

మరి ఏవి కొనాలి? నేను కాయిలోవర్లు పీకేశాక మూడు రకాలు చూశాను. జపాన్ వాళ్ళ కేవైబీ ఎక్సెల్-జీ రెండు గొట్టాల రకం, ఫ్యాక్టరీ బిగువుకి దగ్గరగా ఉంటుంది, చవక. రోజూ ఆఫీసుకి వేసుకెళ్ళే పాత కారుకి కళ్ళు మూసుకుని అదే వేయించండి. దాని బలహీనత ఒకటే. ఆయిలూ గ్యాసూ ఒకే గూట్లో ఉంటాయి కనక వరస గుంతల మీద ఎక్కువసేపు నడిపితే ఆయిలు నురగలు కట్టి పట్టు సడలుతుంది. బిల్‌స్టీన్ అనే జర్మన్ కంపెనీవి ఒకే గొట్టం రకం. డి కార్బన్ అనే ఫ్రెంచ్ ఇంజనీరు ఆలోచన అది. ఆయిలుకీ నైట్రోజన్‌కీ మధ్య తేలే పిస్టను పెట్టాడు, గ్యాసు పీడనం టైరులో ఉండేదానికి పది రెట్లు. అందుకని ఆయిలు నురగ కట్టదు. జర్మన్లు ఆ హక్కులు కొని 1957లో మెర్సిడెస్ కార్లకి ఎక్కించారు. మియాటాలో 1994 నుంచి వచ్చిన ఆర్ ప్యాకేజీ అనే స్పోర్ట్స్ రకానికి ఫ్యాక్టరీ నుంచే ఇవి ఉండేవి. మంచివే, కానీ మీకు నచ్చినా నచ్చకపోయినా వాటి బిగువు అదే. మూడోది డచ్చి వాళ్ళ పసుపురంగు కోనీ. దీంట్లో స్ప్రింగు వెనక్కి సాగేటప్పటి బిగువుని మనమే తిప్పుకోవచ్చు. నొక్కుకుపోయేటప్పటి బిగువు మారదు, అది మెత్తగానే ఉంటుంది. గుంతల రోడ్డుకి కావాల్సింది సరిగ్గా అదే. గుంత వచ్చినప్పుడు చక్రం సులువుగా పైకి లేవాలి, లేచాక బండి ఊగకూడదు.

నేను కోనీలు తీసుకున్నాను, ఫ్యాక్టరీ స్ప్రింగుల మీద. రేసు ట్రాకుకి వెళ్ళేవాళ్ళ లెక్క వేరు, వాళ్ళకి నా సలహా అక్కర్లేదు.

ఇంకో సంగతి. షాకబ్జర్ల మీద వెయ్యి డాలర్లు పెట్టేవాళ్ళు వాటి మీదుండే రబ్బరు మీద యాభై పెట్టరు. పాతికేళ్ళ నాటి టాప్ మౌంట్ (షాకబ్జరు పై కొనని కారు బాడీకి పట్టి ఉంచే ముక్క) రబ్బరు అప్పడంలా పగిలి ఉంటుంది. బంప్ స్టాప్ ముట్టుకుంటే పొడి రాలుతుంది. నా కారు వెనక కుడివైపు టకటక శబ్దం పోలేదని కొత్త షాకబ్జర్లని నెల రోజులు తిట్టుకున్నాను. తీరా చూస్తే పాత మౌంటు. షాకబ్జరు కింది చివరి రబ్బరు బుష్ బోల్టులు కారు జాకీ మీద వేలాడుతుండగా బిగించకండి. చక్రాలు నేలమీద ఆనాకే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు మెలితిరిగిన చోటే అతుక్కుని ఏడాదిలో చిరుగుతుంది. రాడ్డు పైనుండే నట్టుకి గాలి గన్ను అసలే వద్దు, రాడ్డు గిర్రున తిరిగి సీలు దెబ్బతింటుంది. మేస్త్రీ షెడ్డులో ఆ నట్టుకి ఇప్పటికీ చేతి పానానే వాడతారు. మా ఊళ్ళో గంటకి నూట యాభై డాలర్లు తీసుకున్న షాపులో గన్ను వాడారు. అది నా కళ్ళారా చూసి కూడా నోరు మెదపలేదు, ఆ ఏడుపు వేరే.

మావాడి బండి సంగతికొస్తే, కోసిన స్ప్రింగుల మీద ఎంత మంచి షాకబ్జరు వేసినా దండగేనని మేస్త్రీ, నేను ఒక్క మాట మీదికొచ్చాం. కోసిన స్ప్రింగు పొట్టిదవ్వడమే కాదు, గట్టిపడుతుంది కూడా. పిస్టను ఎప్పుడూ అడుగునే తచ్చాడుతూ ఉంటుంది. కొత్త స్ప్రింగులు, నాలుగు కొత్త షాకబ్జర్లు, మౌంట్లు, బంప్ స్టాపులు. కాగితం మీద లెక్క రాసిచ్చాడు. మావాడు చదివి జేబులో పెట్టుకున్నాడు, అవుననలేదు, కాదనలేదు.

నేను డెట్రాయిట్ చేరిన మూడోవారం వాట్సాప్‌లో ఫొటో పంపాడు. చక్రానికీ ఫెండరుకీ మధ్య నాలుగు వేళ్ళు పెట్టి తీసిన ఫొటో. కింద ఒక్క ముక్క రాశాడు. "లుక్ పోయింది మావయ్యా. అమ్మమ్మ మాత్రం రోజూ గుడికి తీసుకెళ్ళమంటోంది."