జిగురు పోసేస్తే తడి ఆగిపోతుందా?

నా రిపేరు షాపు షట్టర్ దించి గంటైంది, కోపం మాత్రం దిగలేదు.

సాయంత్రం మా అక్క కొడుకు వచ్చాడు. ఇంజినీరింగ్ మూడో ఏడు. జేబులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి బల్ల మీద పెట్టి, "మావయ్యా, ఇది ఊరికే వేడెక్కిపోతోంది, ఒకసారి చూడవా" అన్నాడు. ఏంట్రా అంటే, సొంతంగా చేసుకున్న వేప్ అట, అదే, ద్రవాన్ని వేడిచేసి ఆవిరి పీల్చే ఈ-సిగరెట్! 2019లోనే చట్టం తెచ్చి తయారీ, అమ్మకం అన్నీ నిషేధించారు. మొదటిసారి దొరికినా ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఆ సంగతి వాడికి తెలుసు. తెలిసే చేశాడు. మా అక్కకి ఏం చెప్పాలి నేను?

డబ్బా విప్పాక ఇంకా మండింది. సర్క్యూట్ బోర్డు కనిపిస్తే ఒట్టు. మొత్తం గ్లూ గన్ జిగురు ముద్ద. "వాటర్‌ప్రూఫ్ చేశాను మావయ్యా" అన్నాడు. ముద్ద పీకి చూస్తే కింద రాగి అంతా పచ్చగా చిలుము పట్టి ఉంది. సోల్డరింగ్ (టంకం) చేశాక, అతుకు బాగా పట్టడానికి పూసే ఫ్లక్స్ తుడవలేదు. పై ట్యాంకులోని ద్రవం తీగల వెంట కిందికి దిగింది. అందులో ఉండే గ్లిజరిన్, ప్రొపైలీన్ గ్లైకాల్ రెండూ గాలిలోని తడిని లాక్కునేవే. నీళ్లలా అవి ఆరిపోవు. వీడు పోసిన జిగురు ఆ తడి బయటికి పోకుండా మూత పెట్టింది. తడి ఆపడమంటే ఇదా?

సెల్ చూస్తే పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి పీకిన 18650 రకం లిథియం సెల్. ద్రవాన్ని వేడిచేసే కాయిల్ అర ఓమ్. నిండుగా చార్జ్ అయితే 4.2 వోల్టులు, అంటే 8 ఆంపియర్ల పైనే లాగుతుంది. దానికి వేసింది సన్నటి ఇయర్‌ఫోన్ వైరు, వేడెక్కదా మరి! ఫ్యూజు లేదు. దీన్ని ప్యాంటు జేబులో పెట్టుకుని గాజువాక నుంచి నిండు బస్సులో వచ్చాడు. ఆ మాట విన్నాక నాకు కాసేపు నోట మాట రాలేదు.

ఒరేయ్, ఇది విశాఖపట్నంరా. ఇక్కడి గాలిలోనే ఉప్పుంది. లాసన్స్ బే కాలనీ నుంచి వచ్చే టీవీ బోర్డులు చూస్తే తెలుస్తుంది, నీటి చుక్క తగలకుండానే వాటి మీది పార్టుల కాళ్లు తినేసి ఉంటాయి. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడగాలి, పూర్తిగా ఆరనివ్వాలి, ఆ తర్వాత కన్ఫార్మల్ కోటింగ్, అంటే బోర్డును తడి నుంచి కాపాడే పూత, పల్చగా కొట్టాలి. కనెక్టర్లకూ స్విచ్చులకూ అది తగలకూడదు. మా వీధిలో కొందరు మెకానిక్కులే వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ పూసి పంపేస్తారు. ఆ వాసన ఆమ్లానిది, అదే రాగిని తినేస్తుంది. వాళ్లను చూసి పిల్లలు నేర్చుకోరా?

మెకానిక్కుల సంగతి వదిలేయండి. పెద్ద కంపెనీలు చేస్తున్నదేంటి? మా అమ్మ గదిలో ఏసీ పెట్టించిన 14 నెలలకే ఆగిపోయింది. కంపెనీ మనిషి ఔట్‌డోర్ యూనిట్ విప్పి, "మాయిశ్చర్ డ్యామేజ్ సార్, వారంటీ రాదు, బోర్డు మార్చాలి" అన్నాడు. నేనే బాగుచేసుకుంటానంటే, చెయ్యి పెడితే మిగతా వారంటీ కూడా పోతుందన్నాడు. ఆ బోర్డు నేను కళ్లారా చూశాను. పూత లేదు. ఒక్క పొర కూడా లేదు! సముద్రం ఒడ్డున ఊరని తెలిసే కదా ఇక్కడ అమ్ముతున్నారు? 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత నా బల్ల మీద గుట్టలుగా పడ్డ బోర్డుల్లో మళ్లీ ప్రాణం పోసుకున్నవి ఎక్కువగా పూత ఉన్నవే. ఇరవై రూపాయల పూత మిగుల్చుకుని, ఎనిమిది వేల బోర్డు మా నెత్తిన రుద్దుతారు. పైగా తప్పు మన గాలిది! మే నెలలో పదకొండు రాత్రులు మా అమ్మ ఆ ఉక్కలో నిద్ర లేకుండా కూర్చుంది. 74 ఏళ్ల మనిషి. అది నేను మర్చిపోను.

వాడి డబ్బాకి నేను కోటింగ్ కొట్టలేదు, కొట్టను కూడా. సెల్ విడదీసి, కొనలకు టేపు వేసి, డాబా మీద ఇసుక బకెట్‌లో పెట్టాను. తిరిగి ఇచ్చెయ్యమని ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి చేస్తే ఫోన్ మా అక్కకే ఇస్తాను.