పచ్చబొట్టు పడమటి నుంచి రాలేదు బాబాయ్

మా పిన్ని కూతురు మణికట్టు మీద టాటూ వేయించుకుని ఫొటో పెట్టింది. మర్నాడే మా కుటుంబం గ్రూపులో బాబాయి ఒక ఫార్వర్డ్ పడేశారు. "తల్లిదండ్రులారా, తస్మాత్ జాగ్రత్త" అని మొదలవుతుంది. టాటూ మన సంస్కృతి కాదు, పాశ్చాత్యుల పిచ్చి. వేయించుకుంటే ప్రభుత్వ ఉద్యోగం రాదు. జన్మలో రక్తం ఇవ్వడానికి పనికిరారు. సూదితో ఎయిడ్స్, రంగుతో క్యాన్సర్. ఈ దేహం అమ్మానాన్నలు ఇచ్చింది, దాని మీద గీతలు గీసుకునే హక్కు మీకు లేదు. ఒకసారి వేస్తే చచ్చినా పోదు. ఇదీ సారాంశం. మీ గ్రూపుల్లోకీ ఈపాటికి వచ్చే ఉంటుంది.

పాశ్చాత్యుల పిచ్చి అన్న దగ్గరే బోల్తా పడింది. టాటూ అన్న మాట పాశ్చాత్యులదే కాదు. 18వ శతాబ్దంలో ఇంగ్లిష్ నావికులు పసిఫిక్ దీవుల నుంచి మోసుకెళ్లిన అరువు మాట అది. మనకు పచ్చబొట్టు అని సొంత పేరే ఉంది. మా అమ్మమ్మ గడ్డం మీద మూడు చుక్కలు, కుడి ముంజేతి మీద ఒక తేలు ఉండేవి. ఊళ్లోకి సోది చెప్పడానికి వచ్చే ఎరుకల ఆమే పచ్చబొట్లూ పొడిచేదట. నాలుగైదు సూదులు దారంతో కట్టి, ఆముదం దీపపు మసిని ఆకు పసరులో కలిపి, అందులో ముంచి పొడవడం. పిల్ల ఏడవకుండా పక్కన పాట. మసి నల్లగా ఉంటే బొట్టు పచ్చగా ఎందుకుందని చిన్నప్పుడు అడిగేవాణ్ణి. మసి చర్మం పైపొరలో కాదు, దాని కింది పొరలో ఉంటుంది. పైనున్న చర్మంలోంచి చూస్తాం కాబట్టి నలుపు కాస్తా నీలం, ఆకుపచ్చ కలిసినట్టు కనిపిస్తుంది. పేరు అక్కణ్ణించే వచ్చి ఉంటుందని నా ఊహ.

"మన అమ్మమ్మలకూ ఉండేవిగా బాబాయ్" అని జవాబు టైప్ చేసి, పంపకుండా ఆగిపోయాను. ఎందుకంటే అమ్మమ్మకు అప్పుడు తొమ్మిదేళ్లు. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఏం బొమ్మ కావాలే అని కూడా అడగలేదురా, తేలు పొడిచేసింది" అనేది. ఆ తేలంటే ఆవిడకు చివరిదాకా పడలేదు. కాబట్టి పాత ఆచారమని చూపించి నేటి టాటూను వెనకేసుకు రావడమూ సగం నిజమే. మా చెల్లెలు తన బొమ్మ తనే ఎంచుకుంది. ఈ ఇంట్లో కొత్తది అదొక్కటే.

ఉద్యోగం సంగతి. టీచరు పోస్టుకో గుమాస్తా పోస్టుకో ఎవరూ చొక్కా చేతులు పైకి లాగి చూడరు. నిబంధనలున్నది యూనిఫాం ఉద్యోగాలకు. అక్కడా పూర్తి నిషేధం లేదు. కేంద్ర బలగాల కానిస్టేబుల్ నోటిఫికేషన్లలో ఉన్నదిది: పేరో, మత చిహ్నమో ఉండొచ్చు. ఎడమ ముంజేతి లోపలి వైపు లేదా చేతి వెనక ఉండాలి. పరిమాణం ఆ భాగంలో నాలుగో వంతుకు మించకూడదు. ఎడమ చెయ్యే ఎందుకంటే సెల్యూట్ కుడి చేత్తో కొడతారు కాబట్టి. సైన్యంలో చేరే గిరిజన యువకులకైతే వాళ్ల ఆచారాన్ని బట్టి ఇంకా సడలింపు ఉంది. గ్రౌండులో పరుగు ప్రాక్టీసు చేస్తున్న కుర్రాళ్లు మాత్రం టాటూ షాపుకు వెళ్లే ముందు తాము రాసే పరీక్ష నోటిఫికేషన్ ఒకసారి చదువుకోవడం మంచిది.

రక్తదానానికి అడ్డు జన్మంతా కాదు, మన దేశంలో 12 నెలలు. హెపటైటిస్ లాంటివి సోకితే మొదటి రోజుల్లో పరీక్షకు దొరక్కపోవచ్చు, ఈ గడువు అందుకే. ఏడాది దాటాక అందరిలాగే ఇవ్వొచ్చు.

ఎయిడ్స్ మాటలో మాత్రం బాబాయి భయం పూర్తిగా ఉత్తది కాదు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి శుభ్రం చేయని సూది వల్ల వచ్చే అవకాశం ఉంది. జాతరలో బ్యాటరీ మిషన్ పట్టుకుని కూర్చున్నతను ఒకే సూదిని ఒకే రంగు మూతలో ముంచి వరసగా పది మందికి పొడుస్తుంటే అక్కణ్ణించి లేచిపోవాల్సిందే. సూది ప్యాకెట్ మన కళ్లముందు చించాలి, రంగు చిన్న కప్పులో పోసి, మిగిలింది పారెయ్యాలి. క్యాన్సర్ గురించి ఫార్వర్డ్ అంత ధీమాగా చెప్పడానికి రుజువు లేదు. అలాగని రంగులన్నీ అమాయకమైనవీ కావు. 2022 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్ టాటూ రంగుల్లో వేల రసాయనాల మీద ఆంక్షలు పెట్టింది. రంగు రేణువులు శోషరస గ్రంథుల (లింఫ్ నోడ్ల) దాకా వెళ్తాయని కూడా తేలింది.

ఇక దేహం ఎవరిది అన్న మాట. నాకు చెవులు కుట్టించినప్పుడు, తిరుపతిలో గుండు చేయించినప్పుడు నన్నెవరూ అడగలేదు. అడిగే వయసూ కాదు, ఫిర్యాదూ లేదు. కానీ పాతికేళ్ల పిల్లకు అదే లెక్క కుదరదు. పచ్చబొట్టు నిజంగా అవమానమైన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. 1797 నుంచి బెంగాల్లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం యావజ్జీవ ఖైదీల నుదుటి మీద వాళ్ల నేరాన్ని పొడిపించేది. 1849లో గానీ ఆపలేదు. 1993లో అమృత్‌సర్ పోలీసులు నలుగురు ఆడవాళ్ల నుదుట 'జేబుదొంగ' అని పొడిపించారు. ఆ కేసులో శిక్ష పడింది 2016లో. ఆ ఆడవాళ్ల నుదుట సూది పెట్టమన్నది వాళ్లు కాదు. ఆ నేరమంతా అక్కడే ఉంది.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఛత్తీస్‌గఢ్‌లో రామనామీలనే రామభక్తులది. దళితులన్న కారణంతో గుడి మెట్లు ఎక్కనివ్వకపోతే, 19వ శతాబ్దం చివర్లో వాళ్లు ఒళ్లంతా రామ అని పొడిపించుకోవడం మొదలుపెట్టారు. కొందరైతే ముఖం మీద, కనురెప్పల మీద కూడా. పూజారి తలుపు వేసుకోగలడు గానీ ఒంటి మీది పేరును ఏం చెయ్యగలడు? బాబాయి రోజూ రామకోటి రాస్తారు. ఈ ముక్క ఆయనకు నచ్చుతుందనే నా ఆశ. చట్టం మాటకొస్తే, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా తేల్చింది. తన ఒంటి మీద తన నిర్ణయం చెల్లడం కూడా అందులో భాగమే.

చచ్చినా పోదన్నది అమ్మమ్మ కాలానికి నిజం. ఇప్పుడు లేజర్ ఉంది. ఒక్క సిట్టింగులో పోదు, చాలాసార్లు వెళ్లాలి. నొప్పి, వేయించుకున్న దానికన్నా ఎక్కువ ఖర్చు, కొన్నిసార్లు మచ్చ. నలుపు తేలిగ్గా పోతుంది, ఆకుపచ్చ, పసుపు మొండికేస్తాయి. మా చెల్లెలిది నలుపే. తీయించుకుంటావా అని అడిగితే, "బాబాయిని ముందు డీపీలో ఆ గులాబీ పువ్వు తీసెయ్యమను" అంది.