సవరణ: దోమల సంఖ్య వేరు, దోమల ఆయువు వేరు

మలేరియా వ్యాప్తి గణిత నమూనాను ఇంతకుముందు వివరించినప్పుడు, దోమల సంఖ్యను సగం చేసినా, వాటి ఆయువును సగం చేసినా ఫలితం ఒకటేనని రాశాను, అది తప్పు. దోమ ఒంట్లో పరాన్నజీవి ఎదిగి లాలాజల గ్రంథులకు చేరడానికి 10 రోజులు పడుతుందనుకుంటే, రోజుకు 90 శాతం చొప్పున బతికే దోమల్లో ఆ గడువు దాటేవి వందకు 35 ఉంటాయి. రోజుకు 80 శాతమే బతికితే, అంటే ఆయువు దాదాపు సగమైతే, అవి 11కు పడిపోతాయి. గడువు దాటిన దోమలకు మిగిలే సగటు ఆయువు కూడా సగానికి తగ్గుతుంది కనుక, మొత్తం వ్యాప్తి సామర్థ్యం దాదాపు ఏడో వంతుకు దిగుతుంది. సంఖ్య సగమైతే తగ్గేది సగమే. మలేరియా దోమల ద్వారా వ్యాపిస్తుందని కనుగొన్న రొనాల్డ్ రాస్ నమూనాను విస్తరిస్తూ 1950వ దశకంలో మలేరియా శాస్త్రవేత్త జార్జ్ మెక్‌డొనాల్డ్ నొక్కిచెప్పింది సరిగ్గా ఈ తేడానే, నేను జారవిడిచిందీ దీనినే. దోమ మనుషులను కుట్టే రేటు ఈ నమూనాలో వర్గంగా, అంటే రేటును రేటుతోనే గుణించి, వస్తుందని అప్పుడు రాసిన మాటలో మార్పు లేదు.