శ్రీ ఎర్ర స్పాంజి బంతి గారి సముఖానికి

మహారాజశ్రీ ఎర్ర స్పాంజి బంతి గారికి, మూడు నెలలుగా తమరిని గుప్పిట్లో పెట్టుకుని తిరుగుతున్న శిష్యపరమాణువు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమంగా లేను. తమరు క్షేమమేనా అని వేరే అడగనక్కరలేదు. ఎంత నలిపినా మరుక్షణం గుండ్రంగా లేచి కూర్చునే వారికి ఏం లోటు?

నిన్న మధ్యాహ్నం సంగతి తమరికి తెలియనిది కాదు. అక్కడే ఉన్నారు. ఉండకూడని చేతిలో ఉన్నారు.

ఇంటినిండా బంధువులు. మాటల మధ్యలో మా అక్క "తమ్ముడు మ్యాజిక్ నేర్చుకుంటున్నాడు" అని నోరు జారింది. పదకొండు మంది నా చుట్టూ అర్ధచంద్రాకారంలో సర్దుకున్నారు. అర్ధచంద్రాకారం అంటే ఆ చివరా ఈ చివరా కూర్చున్న వాళ్లకు నా వేళ్ల సందుల్లోంచి అరచేయి కనిపిస్తుందని అర్థం. ఆ అర్థం నాకు తర్వాత తెలిసింది. మొదటి విడతలో మోసమేమీ లేదు. ఒక బంతిని కుడి చేత్తో తీసి, ఎడమ చేతిలో నిజంగానే పెట్టి, నిజంగానే గుప్పిట మూశాను. ఎనిమిదేళ్ల మేనకోడలు క్షణం కూడా ఆలోచించకుండా "మామయ్యా, బంతి ఆ చేతిలో లేదు, ఈ చేతిలో ఉంది" అని నా కుడి చేయి చూపించింది.

నాకు పట్టరాని సంతోషం. ఎడమ గుప్పిట విప్పి బంతిని చూపించాను. ఆ పిల్ల ఓడిపోయినట్టు ముఖం పెట్టలేదు. "మరి ఈ చేయి ఎందుకు అలా పెట్టుకున్నావు? దెబ్బ తగిలిందా?" అంది. ఆ కంగారులో కుడి చేతి వేళ్లు సడలాయి. తర్వాతి విడత కోసం అక్కడ దాచుకున్న రెండో బంతి నేల మీద పడింది. పడి ఊరుకోలేదు. ఎగిరి, దొర్లి, మా బావగారి పాదాల దగ్గర ఆగింది. ఆయన దాన్ని తీసి, దుమ్ము దులిపి, నా చేతికిస్తూ "ఇదిగో, పడిపోయింది" అన్నారు. అంత మర్యాదగా నన్ను ఇంతవరకు ఎవరూ అవమానించలేదు.

తమరితో పాటు పొట్లంలో వచ్చిన కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. 'అనుభవం అవసరం లేదు, మొదటి రోజే అందరినీ అబ్బురపరచండి' అని దాని మీద అచ్చు వేసి ఉంది. నాలుగు బంతులు, ఒక కాగితం, ఒక అబద్ధం. అరచేతిలో వైకుంఠం చూపిస్తామన్నారు. మా వాళ్లకు వైకుంఠం కనిపించలేదు. తమరు మాత్రం కరతలామలకంగా కనిపించారు.

రెండంగుళాల బంతిని ఎంచుకోవడం నా తప్పేనని ఒప్పుకుంటాను. ఒకటిన్నర అంగుళాల దానికీ దీనికీ తేడా అర అంగుళమే కదా అనుకున్నాను. చిన్నప్పుడు బడిలో చెప్పిన గోళం లెక్క కట్టి చూస్తే పరిమాణం రెండింతలు దాటిపోయింది. అంటే రెండు పెద్ద బంతులు దాచిన ప్రతిసారీ నా చేయి నాలుగు చిన్న బంతులకు పైగా మోస్తోంది. "పెద్దదైతే అందరికీ బాగా కనిపిస్తుందండీ" అన్నాడు అమ్మిన మనిషి. నిజమే. బాగా కనిపించింది.

రంగు సంగతి ఎత్తను. దాచుకోవలసిన వస్తువుకు ప్రమాద సూచిక రంగు వేసిన మహానుభావుడికి ఇక్కడి నుంచే ఒక నమస్కారం. జేబులోని నూలుపోగులన్నీ తమరికి ఆభరణాలే. సబ్బునీళ్లలో మెలిపెట్టకుండా మెత్తగా నొక్కి కడగాలట, నీడన ఆరబెట్టాలట, ఎండలో వదిలేస్తే కొన్నాళ్లకు పెళుసెక్కి పొడిపొడిగా రాలిపోతారట. నా చొక్కాలకు ఈ రాజభోగం ఎప్పుడూ జరగలేదు.

అద్దం ముందు సాధన చేయమన్నారు. చేశాను. అద్దంలో నేను అద్భుతం. ఆరు వారాల తర్వాత ఫోనులో వీడియో తీసి చూసుకుంటే కారణం బయటపడింది. బంతిని దాచే క్షణంలో, సరిగ్గా ఆ క్షణంలో, నేను కళ్లు ఆర్పుతున్నాను. ఇన్నాళ్లూ నా చేతిలో పూర్తిగా మోసపోయిన ప్రేక్షకుడు ఒక్కడే. వాడు నేను.

ఇవన్నీ పోనివ్వండి. ఇవి ఏ విద్యలోనైనా ఉండేవే. నన్ను రాత్రి నిద్రపోనివ్వనిది వేరే ఉంది.

కిటుకు బయటపెట్టకూడదని ఈ విద్యలో ఒక నియమం. నా విషయంలో దానికి విలువ లేదు, ఇప్పటికే పదకొండు మందికి తెలిసిపోయింది. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఇచ్చినట్టు ఉండాలి, ఇవ్వకూడదు. అంతే. ఇచ్చినట్టు కనిపించాలంటే నిజంగా ఇచ్చేటప్పుడు చేయి ఎలా కదులుతుందో ముందు తెలియాలి. కాబట్టి వంద సార్లు నిజంగానే ఇచ్చి చూసుకో, ఆ తర్వాత దాన్నే అనుకరించు అన్నారు. వినడానికి ఎంత సులువు! నాకు నలభై ఒక్క ఏళ్లు. ఈ చేతిలోని వస్తువును ఆ చేతిలోకి ఎన్ని లక్షల సార్లు మార్చి ఉంటాను? ఒక్కసారి కూడా దాని గురించి ఆలోచించలేదు. ఆలోచించిన మొదటి రోజే మరిచిపోయాను.

నిజంగా ఇచ్చేటప్పుడు ముందు కదిలేది బొటనవేలా, చూపుడువేలా? అందుకునే చేయి ఎప్పుడు మూసుకుంటుంది, బంతి తగిలాకా, తగలకముందా? ఇచ్చేసిన చేయి ఆ తర్వాత ఏం చేస్తుంది? పక్కకు వాలిపోతుందా, అక్కడే కాసేపు నిలబడుతుందా? మెడ ఏమవుతుంది? పదమూడోసారికి నా చేతులు ఎవరివో అద్దెకు తెచ్చుకున్న చేతుల్లా అయ్యాయి. వందోసారికి నాకు ఇవ్వడమే రాదని తేలింది.

ఇక అక్కడి నుంచి నా బతుకు చూడండి. తాళంచెవి ఎవరికైనా ఇస్తే, అది తీసుకుని నా రెండో చేయి వైపు చూస్తున్నారు. కిందటి వారం ఒకాయనకు చిల్లర తిరిగి ఇస్తే రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. ఆఫీసులో పెన్ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను, రాసుకోవడానికే, పక్క కుర్చీ ఆయన "ఏం దాచారు?" అన్నాడు. నిన్నటి మొదటి విడత కూడా ఇలాంటిదే కదా! ఉన్నది ఉన్నట్టు, దేవుడి సాక్షిగా, ఎడమ చేతిలోనే పెట్టాను. ఆ పసిపిల్లకు అది అబద్ధంలా కనిపించింది. నేను చేసే నిజమైన పనులన్నీ నటనలా తయారయ్యాయి, నటన మాత్రం ఇంకా నటనగానే ఉంది.

నువ్వు నాకు మోసం నేర్పావనుకుంటున్నావా? మోసమైతే ఎక్కడో ఒకచోట పనికొచ్చేది. పుట్టుకతో వచ్చిన ఒక్క నిజాయితీ పనిని నా చేతుల్లోంచి లాక్కున్నావు. 'తమరు' అనే పిలుపు ఎక్కడో జారిపోయిందని గమనించే ఉంటావు. నా చేతుల్లోంచి జారనిది ఏముంది గనుక!

ఆ పిల్ల నిన్ను చూసి పట్టుకోలేదు. నిన్ను దాచిన చేతిని చూసి పట్టుకుంది. ఖాళీ చేయి తాను ఖాళీగా ఉన్నానని చాటుకోదు. నా చేయి దండోరా వేసింది, మణికట్టు బిగించి, వేళ్లు వంచి, కట్టు కట్టించుకున్న చేయిలా. తెలిసినవాళ్లందరూ చెప్పారు: గట్టిగా పట్టుకోకు, వేళ్ల మడతలో మెత్తగా ఒదిగి ఉండనివ్వు, ఉందని చెప్పిన చేతినే నువ్వూ చూడు, నువ్వు చూసిన చోటే వాళ్లూ చూస్తారు, బంతి ఉన్న చేతిని మాత్రం పూర్తిగా మరిచిపో. ఎలా మరిచిపోవాలి? నువ్వు దాదాపు అంతా గాలివే. నొక్కితే ఆ గాలి బయటికి పోయి గోలీకాయంత అవుతావు, ఒక్క వేలు సడలితే గాలి పీల్చి ఉబ్బుతావు. అరచేతిలో ఊపిరి తీస్తున్న దాన్ని మరిచిపోవడం ఎవరి తరం? ఆడలేక మద్దెల ఓడన్నాడని నవ్వుతావేమో. నవ్వు. నేను ఆడలేను, ఒప్పుకున్నాను. కానీ మద్దెల ఉబ్బుతోంది కదా!

నీ పుట్టుపూర్వోత్తరాలు కూడా విచారించాను. కోపంలో ఉన్నవాడికి తీరిక ఎక్కువ. గిన్నెలతో, గులకరాళ్లతో చేసే గారడీ గురించి సెనెకా అనే రోమన్ తత్త్వవేత్త దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే ఒక లేఖలో రాశాడు. ఆ మోసమే తనకు ఇష్టమట, ఎలా చేశారో తెలిసిపోతే సరదా పోతుందట. అదృష్టవంతుడు, నిన్న మా ఇంటికి రాలేదు. ఆ గులకరాళ్లు పెట్టిన చోట పెట్టినట్టు ఉండేవి, ఊపిరి పీల్చేవి కావు. నీ ఒంటికి మూలమైన పాలీయురిథేన్‌ను జర్మనీలో ఒట్టో బాయర్, ఆయన సహచరులు 1937లో కనిపెట్టారు. దాని నురుగుతో పరుపులు చేశారు, కుర్చీలకు మెత్తలు చేశారు. మనుషులకు విశ్రాంతినిచ్చే వంశం అది. నువ్వొక్కదానివే దారి తప్పావు. అమెరికాలో ఆల్బర్ట్ గోష్మన్ అనే ఇంద్రజాలికుడు నీలాంటి బంతులను తయారు చేసి పేరు తెచ్చుకున్నాడు. ఆయన అంతకుముందు బేకరీలో పని చేసేవాడు. పిండిని పిసకడం, అది పొంగడం రోజూ చూసిన చేతులు కాబట్టి నీ ఉబ్బుకు బెదరలేదు. నాకు ఆ తర్ఫీదు లేదు.

ఇంత జరిగాక నిన్ను కిటికీలోంచి విసిరేసి ఉండాలి. ఎందుకు విసరలేదో కూడా రాస్తాను, లేకపోతే నువ్వే ఊరంతా చెప్పుకుంటావు.

అందరూ లేచి వెళ్లాక మా అమ్మ ఒక్కతే మిగిలింది. జరిగిందేదీ ఆమె చూడలేదు, లోపల ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ ఉండిపోయింది. "నాకు చూపించవా?" అంది. నాకు ఓపిక లేదు, ఆశ అసలే లేదు. రెండు బంతులను కలిపి ఒకటిగా నొక్కి ఆమె అరచేతిలో పెట్టి, "గట్టిగా మూసుకో అమ్మా" అన్నాను. ఎలా ఇచ్చానో నాకు గుర్తులేదు. ఏ వేలు ముందు కదిలిందో తెలియదు. రెండో బంతి నా దగ్గరే ఉన్నట్టు గుప్పిట మూసి, ఊది, ఖాళీ చేయి చూపించి, "ఇప్పుడు తెరువు" అన్నాను.

తెరిచింది. నువ్వూ నీ జంటా ఆమె వేళ్ల మధ్య నుంచి ఒక్కసారిగా ఉబ్బి పైకి లేచారు. అమ్మ "అమ్మో" అని కేక పెట్టి ఇద్దరినీ కింద పడేసింది. తర్వాత తన అరచేయి చూసుకుంది. తిప్పి వెనక్కి చూసుకుంది. "నా చేతిలోనే కదా ఉంది, నేనే కదా మూశాను" అని మూడుసార్లు అంది. నా చేతి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. డెబ్బై ఏళ్లుగా తనదే అయిన చేయిని అనుమానించింది.

నాణెంతో ఇది కుదరదు. పేకముక్కతో కుదరదు. రెండు ఒకటిగా నలిగి, ఇంకొకరి గుప్పిట్లో మెత్తగా పడుకుని, తెరిచిన క్షణంలో లేచి కూర్చునేది నువ్వే. మధ్యాహ్నం నా పరువు తీసిన ఆ ఉబ్బుడే సాయంత్రం మా అమ్మ చేత కేక పెట్టించింది. దీనికి నీకు కృతజ్ఞతలు చెప్పాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మళ్లీ చూపించమని అమ్మ అడిగింది. చూపించాను. రెండోసారి బంతి నా చొక్కా చేతిలోంచి జారి ఆమె ఒళ్లో పడింది. ఆమె మర్యాదస్తురాలు, చూడనట్టు ఊరుకుంది.

రేపు ఉదయం ఆరింటికి మళ్లీ కూర్చుందాం. అద్దం వద్దు, ఫోను పెడతాను.

ఇట్లు,
రెండు చేతులూ ఖాళీగా ఉన్న, అయినా ఎవరూ నమ్మని
తమ శిష్యుడు

తా.క.: మేనకోడలు వెళ్లేముందు "మామయ్యా, ఒకసారి ఆడుకుని ఇస్తాను" అని నాలుగు బంతులూ తీసుకుంది. కాసేపటికి తెచ్చి, నా అరచేతిలో పెట్టి, తన చేత్తో నా వేళ్లు మూసి, "ఇదిగో నాలుగూ" అంది. అలాగే డబ్బాలో పెట్టేశాను. ఇప్పుడు తెరిచి చూస్తే మూడే ఉన్నాయి. గుమ్మం దగ్గర ఆ పిల్ల నాకు చేయి ఊపడం బాగా గుర్తుంది. ఆ రెండో చేయి ఎక్కడ ఉందో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.